ఏలీయా మేస్త్రీ తొలి గిటారు

జమ్మలమడుగులో ఏ ఇంటి తలుపైనా కిర్రుమనకుండా తెరుచుకుందంటే అది ఏలీయా మేస్త్రీ చేసిందే అయ్యుంటుంది. పెన్నకు ఇటూ అటూ ఆయన దర్వాజా నిలబెట్టని వీధి చూపించమంటే కష్టం. చర్చిలో అయ్యగారు నిలబడి ప్రసంగం చేసే పీఠం ఆయనది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో నగలు పరిచే గాజు బల్లలు ఎన్నో ఆయనవి. పులివెందుల దగ్గర ఒక పెద్ద రైతు ఇంటికి పొడవాటి భోజనాల బల్ల చేసి, దాని నడిమధ్య గోళీ పెట్టి, అది ఏ పక్కకూ దొర్లకుండా నిలబడడం ఇంటిల్లిపాదికీ చూపించి మరీ బస్సెక్కాడు.

చదివింది మిషను బడిలో ఐదో తరగతి. మిగతా చదువంతా కంటితోనే. వడ్రంగుల లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఒక నూలు ఒరిగిన చట్రం ఆయన కంట్లో నలుసులాగా పడేది. మూలమట్టం పెట్టి చూసేది పక్కవాళ్ళ నమ్మకం కోసమే. తనకు దాని అవసరం లేదని, పదిమందిలో నిలబడి చెప్పుకోవడానికి ఏనాడూ మొహమాటపడలేదు.

అలా చెప్పుకోవడానికి ఏటా ఒక రోజు ఉండేది. శనగ కోతలయ్యాక వాళ్ళ చర్చిలో కోతపండుగ చేస్తారు. రైతులు శనగలో జొన్నలో తెస్తారు, ఆడవాళ్ళు కోళ్ళూ గుమ్మడికాయలూ తెస్తారు. అన్నీ బలిపీఠం ముందు పెట్టి, ప్రార్థన చేసి, తరువాత వేలం పాడతారు. ఏలీయాకు సెంటు భూమి లేదు. తన చేతి పనే తన పంట అని, ఆ ఏడు కొత్తగా చేసిన వస్తువు ఒకటి తెచ్చి పెట్టేవాడు. ఒక ఏడు ఉయ్యాల, ఒక ఏడు బైబిలు పెట్టుకునే పీట, ఒక ఏడు అద్దం బిగించిన చిన్న బీరువా. పెట్టి ఊరుకోకుండా సాక్ష్యం చెప్పే సమయంలో లేచి నిలబడి, దేవుడు తన చేత ఏ ఊళ్ళో ఏమేం చేయించాడో వరసపెట్టి చెప్పేవాడు. సంఘమంతా నవ్వుకుంటూ వినేది. ఆయన భార్య వనజమ్మ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఈ ఏడాది ఇంకా ఎక్కువైందని పక్కావిడ చెవిలో చెప్పేది.

అలాంటి మనిషి గిటారు జోలికి ఎందుకు పోయాడంటే, ఒక మేకు వల్ల.

ఆ చర్చి పాటల బృందానికి సంజీవ్ అనే టీచరు పెద్ద. గవర్నమెంటు బడిలో పని, ఆదివారం చర్చిలో గిటారు. ఏలీయాకు అక్క మనవరాలు కీర్తన ఆయన దగ్గరే వాయించడం నేర్చుకుంది. ఆ పిల్ల ఏలీయా ఇంట్లోనే ఉండి, ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో పనిచేస్తుంది. సొంత గిటారు లేదు, సంజీవ్ గిటారు మీదే వాయించేది. ఒకసారి ఆ గిటారు చర్చి మెట్ల మీద జారిపడి పక్క చెక్క చీలింది. ఏలీయా దాన్ని ఎవరినీ అడక్కుండా తన షెడ్డుకు పట్టుకుపోయాడు.

కొత్త వస్తువు ఏది చేతికొచ్చినా దాని కొలత తీసుకోవడం ఆయన అలవాటు. గిటారు ఆకారాన్ని అట్ట మీద గీసుకున్నాడు. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల మధ్య దూరం పైనుంచి కిందికి తగ్గుతూ రావడం ఆయనకు వింతగా తోచి, తన కొలకర్రను మెడ వెంబడి ఆనించి ఒక్కో మెట్టుకు ఒక్కో గీత గీసుకున్నాడు. తరువాత చీలిన చోట బంక పూసి, అది విడిపోకుండా ఒక సన్న మేకు కొట్టాడు. మంచానికైతే అది ముప్పై ఏళ్ళు నిలిచే మరమ్మతు.

సంజీవ్ ఆ మేకును చూసింది పాటల సాధన జరిగేటప్పుడు, అందరి ముందరా.

"ఇది మంచంకోడు కాదు మామా, మేకు కొట్టేదానికి" అన్నాడు.

పిల్లలు గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఏలీయా చెవుల్లో చాలాకాలం ఉండిపోయింది. ఆయనా ఊరుకోలేదు. నాలుగు తీగలు మీటడం తెలిసినంత మాత్రాన సంఘాన్ని ఉద్ధరించినట్టు కాదని, ఆ డబ్బా లేకపోతే ఇక్కడ పాట ఆగదని, అలాంటిది తానే చేసి వచ్చే కోతపండక్కి బలిపీఠం ముందు పెడతానని, కీర్తన చేత దాని మీదే వాయింపిస్తానని అనేశాడు. మరుసటి ఆదివారం అదే మాట సాక్ష్యంలో కూడా చెప్పాడు. సంజీవ్ తల వంచుకుని విన్నాడు. కొన్నాళ్ళకు ఆయనకు పులివెందులకు బదిలీ అయింది. గిటారుతో సహా వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ఏలీయా ఇంటికి రాలేదు, ఏలీయా బస్టాండుకు పోలేదు.

ఇక చర్చిలో గిటారు లేదు. ఉన్నదల్లా ఏలీయా మాట ఒక్కటే.

పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు భయం లేదు. ఫోనులో వీడియోలు చూసేవాడు. అందులో ఎవడో తెల్లవాడు ఏదో భాషలో మాట్లాడుతుండేవాడు. ఏలీయా గొంతు తగ్గించేసి చేతులు మాత్రం చూసేవాడు. చేతులకు భాషేముంది? కూల్చిన పాత ఇంటి టేకు దూలం ఒకటి షెడ్డులో ఉంటే దాన్ని పలకలుగా కోశాడు. గిటారు ముందుపలక తన బీరువాల లెక్కలో చిత్రిక పట్టి, వేలితో తట్టి చూశాడు. తలుపు తట్టినట్టే మోగింది. మళ్ళీ చిత్రిక పట్టాడు, మళ్ళీ తట్టాడు. ఇంత పలచన చేస్తే పగులుతుందేమోనని మొదటిసారి చెయ్యి వెనకాడింది. నూలు మందానికి వచ్చేసరికి పలక గొంతు మారింది. బోలుగా, కొంచెం సేపు గాలిలో నిలిచేలా మోగింది. ఆ రోజు ఆయన అన్నం తింటూ కూడా కంచం అంచును తట్టి విన్నాడని వనజమ్మ వీధంతా చెప్పింది.

పక్క చెక్కలు వంచడం అంతకంటే కష్టమైంది. తడిపి, కాలే ఇనుప గొట్టానికి ఆనించి వంచితే మొదటిది పుటుక్కున విరిగింది. రెండోది కూడా విరిగింది. వాళ్ళ నాయన జల్లెడ చట్రాలు వంచేవాడు. తొందరపడకుండా చెక్క తనంతట తాను మెత్తబడేదాకా ఆగడం ఆయన దగ్గర చూసింది గుర్తు చేసుకుని మూడోది వంచాడు. మెడకు పైపలకగా పాత పట్టెమంచం తాలూకు జిట్రేగి చెక్క పనికొచ్చింది. దాని మీద కొలకర్ర ఆనించి, గీసుకున్న గీతల ప్రకారం సన్న రంపంతో కోసి మెట్లు బిగించాడు. తీగలు, వాటిని బిగించే మరలు, మెట్లకు కావలసిన లోహపు తీగ అన్నీ ప్రొద్దుటూరులో జాఫర్ అంగట్లో తెచ్చుకున్నాడు. జాఫర్ పెండ్లి మేళాల వాళ్ళకు బ్యాంజోలు, హార్మోనియాలు బాగుచేసేవాడు. ఏలీయాకు పాత స్నేహితుడు.

చివరికి మిగిలింది ముందుపలక మీద తీగలు వచ్చి ఆనే చిన్న చెక్క. బ్రిడ్జి అంటారు. దాని కొలత కర్ర మీద లేదు. అది తీగలను పట్టి ఉంచే చెక్కే గదా అని అప్పట్లో ఆయన దాన్ని కొలవలేదు. తలుపుకు గడియ ఎక్కడ పెడితే అందమో ఒకరు చెప్పాలా? దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి చూసి, గిటారు పొట్టకు నడిమధ్యన, మూలమట్టానికి వెంట్రుకంత తేడా లేకుండా అతికించాడు. రంగు వేశాడు. అద్దంలాగా వచ్చింది.

కోతపండుగ ఆదివారం. తీగలు ఎక్కించింది అంతకుముందు గురువారం సాయంత్రం. పని నుంచి తిరిగొచ్చిన కీర్తన అరుగు మీద కూర్చుని మరలు తిప్పి శ్రుతి చేసి, వేళ్ళు ఆనించకుండా ఊరికే తీగలన్నీ ఒకసారి మీటింది. వనజమ్మ పొయ్యి మీది కూర వదిలేసి బయటికొచ్చింది.  ఏలీయా పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

కీర్తన చెయ్యి మెడ వెంబడి కిందికి జరిగింది. జరిగేకొద్దీ ఆమె మొహం మారింది. మరలు మళ్ళీ తిప్పింది. మళ్ళీ వాయించింది. పక్కింట్లో చదువుకుంటున్న వాళ్ళెవరో నవ్వారు.

"తాతా, మొదట్లో బాగుంది. పైస్వరానికి పోయేకొద్దీ అబద్ధం చెప్తాంది" అంది.

తీగలు మంచివి కావన్నాడు ఏలీయా. జాఫర్ దగ్గర తెచ్చిన ఇంకో జత వేశారు. అదే అబద్ధం. నీ వేలు సరిగా పడలేదన్నాడు. కీర్తన వాదించలేదు గాని, పండుగ పాట మొత్తం పైస్వరాల్లోనే ఉందని, ఇలాగే వాయిస్తే హార్మోనియం ఒక దారి, గిటారు ఒక దారి పోతాయని మెల్లగా చెప్పింది. మూడు తరాల జనం కూర్చుని ఉంటారు. గిటారు చేస్తానని ఏడాది ముందే చాటింపు వేసినట్టు చెప్పిన మనిషి ముందు వరసలో ఉంటాడు. 

శుక్రవారం పొద్దున్నే కీర్తనతో పాటు ప్రొద్దుటూరు బస్సెక్కాడు. దుప్పట్లో చుట్టిన గిటారు ఒళ్ళో, కొలకర్ర చేతిలో. జాఫర్ గిటారును అటూ ఇటూ తిప్పి చూసి, ముందు పనితనానికి సలాం కొట్టాడు. తరువాత ఒక దారం తీసుకున్నాడు. తీగలు మెడ మీద మొదలయ్యే చోటి నుంచి పన్నెండో మెట్టు దాకా కొలిచాడు. ఆ దారాన్ని అట్లాగే తిప్పి, పన్నెండో మెట్టు నుంచి బ్రిడ్జి వైపు పరిచాడు. దారం కొస బ్రిడ్జిని దాటి అరంగుళం కిందికి పోయింది.

"అన్నా, నీ ఘోడీ తప్పు తావులో నిలబెట్టినావే" అన్నాడు జాఫర్. వాద్యాలు బాగుచేసేవాళ్ళలో బ్రిడ్జిని ఘోడీ అంటారు.

పన్నెండో మెట్టు తీగ పొడవుకు నట్టనడుమ ఉంటేనే స్వరం నిలబడుతుందని, లేకపోతే మెట్లు ఎంత సరిగ్గా బిగించినా లాభం లేదని వివరించాడు. తన బ్యాంజోలకైతే ఆ చెక్కను జరుపుకుంటూ పోవచ్చు. గిటారుకు ఒకసారి అతికిస్తే అతికించినట్టే. దారం చెప్పింది కూడా ఉజ్జాయింపేనన్నాడు. ఏ గిటారు మీద మెట్ల కొలత తీసుకున్నావో ఆ గిటారు మీదనే దీని తావు కూడా చూసుకోమన్నాడు. కీర్తన ఏలీయా మొహంలోకి చూడకుండా దుప్పటి మడతపెడుతూ ఉండిపోయింది. ఆ గిటారు ఎక్కడుందో ముగ్గురికీ తెలుసు.

సాయంత్రం పని అయ్యాక గిటారును కీర్తనే జమ్మలమడుగు తీసుకుపోయేటట్టు ఏర్పాటు చేసి, ఏలీయా ఒక్కడే బస్టాండుకు వచ్చాడు. లోపం ఉన్న పనిని సంజీవ్ కంటికి చూపించేది లేదని అప్పుడే నిశ్చయించుకున్నాడు. పోవడమే మధ్యాహ్నం దాకా నిశ్చయం కాలేదు. జమ్మలమడుగు బస్సు వచ్చి నిలబడింది. ఎక్కలేదు. అది కదిలి పోయింది. పులివెందుల బస్సు కండక్టరు తలుపు పట్టుకుని పిలుస్తున్నాడు. బస్సు మలుపు తిరిగేటప్పుడు కొలకర్ర ఎత్తి ఆపి ఎక్కాడు.

పులివెందులలో సంజీవ్ అద్దెకున్న ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. బడి వదిలి అప్పుడే వచ్చినట్టున్నాడు, చొక్కా మీద సుద్దపొడి ఉంది. చెప్పులు విడుస్తూ తలెత్తి ఏలీయాను చూశాడు. తరువాత లోపలికి రమ్మన్నాడు. బస్సుకు టైమైతుందని ఏలీయా వసారాలోనే నిలబడ్డాడు. సంజీవ్ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. ఏలీయా తాగి చెంబు కింద పెట్టాడు. 

చివరికి ఏలీయా కొలకర్ర ముందుకు చాచాడు. వడ్రంగికి కొలకర్ర మీద తన గీత తప్ప ఇంకొకరి గీత పడకూడదు. దాన్ని ముట్టుకున్నందుకు ఎందరో పనివాళ్ళు ఆయన చేత తిట్లు తిన్నారు. ఆ సంగతి సంజీవ్‌కూ తెలుసు.

"తీగలు ఆనే చెక్క యాడుండాల్నో దీని మీద గీసియ్యి" అన్నాడు ఏలీయా.

"గిటారు లోపలే ఉండాది. నువ్వే వచ్చి గీసుకో మామా."

"నువ్వే గియ్యి."

ఇంతకంటే ఎక్కువ చెప్పడం ఆయనకు చేతకాలేదు. లోపలికి పోతే గిటారు పక్క చెక్కలో తాను కొట్టిన మేకు బొక్క కూడా కనబడుతుంది. అది చూడాలని లేదు. సంజీవ్ కర్రనూ మనిషినీ ఒకసారి చూసి, లోపలికి పోయాడు. చాలాసేపటికి గాని రాలేదు. లోపల ఏదో తీగ మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. బయటికొచ్చి కర్ర చేతికిస్తూ నవ్వాడు.

"ఈసారి మేకు కొట్టొద్దులే మామా."

అది వేళాకోళమో, దెప్పిపొడుపో ఏలీయాకు అంతుపట్టలేదు. తల ఊపి వచ్చేశాడు.

ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయే బస్సులో కిటికీ పక్క కూర్చుని కర్రను వెలుతురుకు పట్టి చూశాడు. దాని మీద ఒక గీత ఉండాలి. రెండున్నాయి. ఒకటి కర్ర కుడి అంచున, ఒకటి ఎడమ అంచున. పక్కన సన్న తీగ, లావు తీగ అని చిన్న అక్షరాల్లో రాశాడు. రెండూ ఒక వరసలో లేవు. లావు తీగ గీత ఒక నూలు కిందికి ఉంది. అంటే బ్రిడ్జిని అడ్డంగా తిన్నగా కాకుండా, ఒక పక్కకు ఒరిగేటట్టు అతికించమని.

ఏలీయా కర్రను తిప్పి మళ్ళీ చూశాడు. పుట్టి బుద్ధెరిగిన తరువాత తాను చేసిన దేన్నీ వంకరగా నిలబెట్టలేదు. కోతపండుగ రోజు, బలిపీఠం ముందు, అందరి కళ్ళెదుటా ఏలీయా మేస్త్రీ వంకర చెక్క అతికించిన గిటారు. మంచంకోడు మాటకు పిల్లలు నవ్వారు. దీనికి పెద్దలు నవ్వుతారు. కర్ర చేతికిస్తూ సంజీవ్ ఎందుకు నవ్వాడో ఇప్పుడర్థమవుతోందనుకున్నాడు. తను లోపలికి పోయి ఉంటే కంటితో చూసుకునేవాడు. పోలేదు. బస్సు దిగేదాకా ఇవే రెండు ఆలోచనలు ఒకదాని వెనక ఒకటి తిరిగాయి.

ఇంటికొచ్చి చెబితే కీర్తన ఫోను తీసింది. వీడియోల్లో కొన్ని గిటార్లకు ఆ చెక్క తిన్నగా ఉంది, కొన్నింటికి ఒరిగినట్టుంది. ఏది ఏ రకం గిటారో, ఏది సంజీవ్ గిటారులాంటిదో తేల్చలేకపోయారు. అన్నేళ్ళు దాని మీదే వాయించావు గదా, ఎట్లుండేదని ఏలీయా అడిగాడు. ఎప్పుడూ గమనించలేదని, తాను చూసేది తన వేళ్ళనేనని ఆ పిల్ల దిగులుగా చెప్పింది. పోనీ సార్‌కు ఫోను చేసి అడుగుదామా అంది.

"ఏమని అడగాల? నన్ను మోసం చేసినావా అనా?" అన్నాడు ఏలీయా.

వనజమ్మ శనగలు చెరుగుతూ ఇదంతా వింటూ ఉంది. చేట దించకుండానే అంది:

"అడిగేదానికి అంత దూరం పోయి, చెప్పింది నమ్మకపోతే, పోయిందెందుకయ్యా?"

శనివారం పొద్దున షెడ్డు తలుపు లోపలి నుంచి వేసుకున్నాడు. తడిగుడ్డ పరిచి, దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించి, లోపలి బంక మెత్తబడేదాకా బ్రిడ్జిని కాచాడు. సన్నటి కత్తి కిందికి జొనిపి కొంచెం కొంచెంగా లేపాడు. పలక నూలు మందం. ఎక్కువ ఒత్తితే చీలుతుంది, ఎక్కువ కాలిస్తే పలకకు లోపలి వైపు ఆసరాగా అతికించిన బద్దెలు విడిపోతాయి. చెమట కళ్ళల్లో పడుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. చివరికి బ్రిడ్జి ఊడింది. ఊడుతూ పలక మీది పీచును కొంత పీక్కుపోయింది. అద్దంలాంటి రంగు మధ్యలో అరంగుళం మేర తెల్లగా పొక్కిపోయింది. కొత్త తావులో చెక్క పెడితే ఆ మచ్చ దాని పైన బయటికే కనబడుతుంది. రంగు వేసి కప్పడానికి ఇక టైము లేదు.

బ్రిడ్జి అడుగును గీకి శుభ్రం చేశాడు. బంక పూశాడు. కర్ర మీది రెండు గీతలనూ పలక మీదికి దించాడు. చెక్కను తెచ్చి ఆనించాడు. అయినా ఆయన చేతులు ఆయన మాట వినలేదు. రెండు గీతలకూ నడిమధ్యన, తిన్నగా, మూలమట్టానికి సరిగ్గా పెట్టాయి. చూస్తే కంటికి నిండుగా ఉంది. అట్లాగే బిగించేస్తే పలికేది ఎలాగున్నా చూడడానికి వంక ఉండదు. ఎవరూ నవ్వరు. సగం దాకా శ్రుతి కూడా సరిపోతుందేమో.

బంక ఆరడం మొదలైతే జరపడం కుదరదు. ఏలీయా చెక్క మీద రెండు చేతులూ పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పులివెందుల వసారాలో విన్న తీగ శబ్దం చెవిలో పడింది. మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. గీత గీయడానికి తీగ మీటాల్సిన పనేముంది? మోసం చేయదలచినవాడు ఒక గీత గీసి ఇచ్చి పంపేవాడు. సంజీవ్ లోపల కూర్చుని ఒక్కో తీగా మీటుకుని, విని, సరిచూసుకుని గీశాడా? అంతసేపు అందుకే పట్టిందా? తెలియదు. తెలుసుకోవడానికి ఇక దారి కూడా లేదు.

కళ్ళు మూసుకుని, లావు తీగ వైపు చెక్కను బొటనవేలితో కిందికి తోశాడు. వేలికింద ఆ కొస తన గీత మీదికి జారింది, రెండో కొస పైకి తిరిగి తన గీత మీదికి చేరింది. కళ్ళు తెరవకుండానే క్లాంపు మర బిగించాడు.

ఆదివారం చర్చి పక్క గదిలో తీగలు ఎక్కించారు. అంతకుముందు ఎక్కిస్తే బంక విడుస్తుందేమోనని భయం. కీర్తన మర తిప్పేకొద్దీ చెక్క చిన్నగా చిటచిటమంది. ఏలీయా చెయ్యి దాని మీదే ఉంచాడు, లేస్తుందేమోనని. లేవలేదు. పైస్వరం ఒకసారి వాయించి చూసుకోవడానికి కూడా వ్యవధి లేకుండా బయట గంట మోగింది, పాటకు పిలిచారు.

బలిపీఠం ముందు శనగ మూటలు, జొన్నకంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వాటి పక్కన కుర్చీ వేసుకుని కీర్తన కూర్చుంది. రంగు పోయిన తెల్లమచ్చ, దాని కింద ఒరిగిన చెక్క, రెండూ ముందు వరసల వాళ్ళకు స్పష్టంగా కనబడుతున్నాయి. ఒకరి భుజం ఒకరు పొడుచుకున్నారు. ఏలీయా గిటారు వైపు చూడలేదు. కీర్తన మొహం వైపు చూశాడు. గురువారం అబద్ధం ముందు తెలిసింది ఆ మొహంలోనే.

మొదటి చరణం కింది స్వరాల్లో నడిచింది. హార్మోనియంతో కలిసే పోయింది. కింది స్వరాలు గురువారం కూడా బాగానే పలికాయి. రెండో చరణానికి పాట పైకెక్కింది. కీర్తన చెయ్యి మెడ వెంబడి జరిగింది. ఆగింది. వేళ్ళు ఆనాయి. 

ఆమె మొహం మారలేదు. కనుబొమలు మాత్రం కొంచెం పైకి లేచాయి, మూసి ఉందనుకుని నెట్టబోయిన తలుపు తీసే ఉన్నప్పుడు లేచినట్టు. ఇంకా పైకి పోయింది. హార్మోనియం ఎక్కడుందో గిటారు అక్కడే ఉంది. ఆడవాళ్ళ వైపు నుంచి గొంతులు ఒక్కొక్కటే కలిశాయి. ఏలీయా పక్కనున్న ముసలాయన తాళం వేయడం మొదలుపెట్టాడు. వనజమ్మ తలవంచుకుని పాడుతోంది.

పాట అయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. సంఘ పెద్ద పాల్ రాజు మైకు పట్టుకుని, ఈ ఏడు మేస్త్రీ చేసిన వస్తువు నోరు తెరిచి పాడిందని అందరినీ నవ్వించాడు. తరువాత ఊరికే ఉండలేక గిటారు వైపు వంగి చూశాడు.

"ఏం మేస్త్రీ, ఆ చెక్క కొంచెం ఒరిగినట్టుండాదే. పండగ తొందరా?"

మళ్ళీ నవ్వారు. ఏలీయా లేచి నిలబడ్డాడు. ఇక ఉయ్యాలల దగ్గర నుంచి బంగారు అంగళ్ళ దాకా వినాల్సిందేనని జనం వెనక్కు వాలి కాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. పాల్ రాజు మైకు ఆయన చేతికందించాడు.

"అది వంకరగానే ఉండాల" అన్నాడు ఏలీయా. "లేకుంటే పాట నిలబడదు. ఆ గీత నేను గీసింది కాదు. పులివెందుల్లో సంజీవ్ గీసిచ్చినాడు. నేను తిట్టి పంపిన సంజీవే. ఆ తెల్లమచ్చ మటుకు నాది."

మైకు తిరిగిచ్చి కూర్చున్నాడు. ఇంకా ఏదో ఉంటుందని పాల్ రాజు కాసేపు ఆయన వైపే చూస్తూ నిలబడ్డాడు. ఏమీ లేదు. అప్పుడు వంగి, కాళ్ళు కట్టిన కోడిపుంజును పైకెత్తి వేలం మొదలుపెట్టాడు.